నల్లమల అంచున ఏకాంత విడిది

ఇంటి నుంచి ఉద్యోగం చేసే విధానం 2020లో కరోనా కారణంగా విస్తరించిన తరువాత, ల్యాప్‌టాప్‌తో గుంటూరు, ప్రకాశం పల్లెలకు తిరిగివచ్చిన వారిలో కొందరికి, పడమట కనిపించే నల్లమల కొండలలో గుడారం వేసుకొని కొద్దిరోజులు ప్రశాంతంగా పని చేసుకోవాలన్న కోరిక కలగడం సహజం. అమెరికాలోని జాతీయ అడవులలో చాలాచోట్ల, సాధారణంగా 14 రోజుల వరకు, నచ్చిన చోట రుసుము లేకుండా గుడారం వేసుకొనే వీలున్నది గనుక, ఇక్కడ కూడా అది సాధ్యమేనని అనేకులు భావిస్తారు.

అయితే నల్లమలలో అధికభాగం రిజర్వు అడవి, అంటే ప్రభుత్వం హద్దులు నిర్ణయించి, చట్టప్రకారం తన రక్షణలో ఉంచుకున్న అడవి. అనుమతి లేకుండా దానిలో ప్రవేశించడం గాని, నిప్పు రాజేయడం గాని 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. అంతేగాక, ఈ కొండలలో విశాలమైన భాగం 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంగా ఏర్పడినందున, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా అక్కడ వర్తిస్తుంది. దోర్నాల–శ్రీశైలం రహదారిపై రాత్రివేళ రాకపోకలు నిలిపివేసేది కూడా వన్యప్రాణుల సంచారానికి భంగం కలగకూడదనే. ఈ అడవిని తరతరాలుగా నివాసం చేసుకున్న చెంచుల గూడేలు సందర్శకుల విడిది స్థలాలు కావన్న విషయాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

కాబట్టి అడవిలో రాత్రి గడపదలచినవారికి సరైన మార్గం అటవీ శాఖ నిర్వహించే విడిదులే. నంద్యాల వైపున ఉన్న బైర్లూటి, పచ్చర్ల విడిదులు ఇటువంటివి. ప్రకాశం వైపున తుమ్మలబైలు నుంచి వాహనంలో అడవిని చూసే ఏర్పాటున్నది. అడవి లోపలికి పోనవసరం లేదనుకొనేవారు, మాచర్ల సమీపంలో చంద్రవంక నదిపై ఉన్న ఎత్తిపోతల జలపాతం పరిసరాలను, రెడ్డి రాజుల దుర్గమైన కొండవీటి కొండ దిగువ గ్రామాలను బసకు ఎంచుకోవచ్చు.

వీటన్నిటికంటె చేరువైనది కొండ అంచున ఉన్న పొలం. మిర్చి కోతలు సాగే నెలలలో రైతులు కాయలను కల్లంలో ఆరబోసి, మంచు తగలకుండా సాయంత్రం కుప్పచేసి పట్టాలు కప్పి, ఉదయం మళ్ళీ పరుస్తూ, రాత్రులు అక్కడే మంచం వేసుకొని కాపలా పడుకుంటారు. ఆరుబయట పని, నిద్ర కలిసి సాగే విడిది ఈ నేలకు కొత్తకాదు. రైతు సమ్మతితో పొలంగట్టున గుడారం వేసుకొనేవారు, పత్తికీ మిర్చికీ పురుగుమందు కొట్టే రోజులను ముందే తెలుసుకొని ఆ రోజులలో దూరంగా ఉండాలి. మందు కలిపే డ్రమ్ముల దగ్గరి నీటిని ఏ అవసరానికీ వాడరాదు. ప్రకాశం ప్రాంతంలో కనిగిరి వంటి చోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ గనుక తాగునీరు వెంట తీసుకుపోవడం మేలు.

ఉద్యోగానికి కావలసినవి సిగ్నల్, విద్యుత్తు. కొండ అడ్డువస్తే టవరు నుంచి వచ్చే రేడియో తరంగాలు బలహీనపడతాయి గనుక, లోయకంటె టవరున్న ఊరివైపు వాలిన ఏటవాలు మేలు. పని ఒప్పుకొనే ముందే అక్కడికి వెళ్ళి ఒక వీడియో కాల్‌తో పరీక్షించుకోవాలి. సుమారు 50 వాట్లు తీసుకొనే ల్యాప్‌టాప్ 8 గంటలు నడవడానికి 400 వాట్–అవర్ల శక్తి కావాలి. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకులో ఉండేది దాదాపు 74 మాత్రమే. అందువల్ల పెద్ద బ్యాటరీ గాని, రైతు ఇంట విద్యుత్ సదుపాయం గాని తప్పనిసరి. వేసవి తీవ్రతకు రెంటచింతల పేరుమోసిన ఈ సీమలో, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు గల కాలమే గుడారానికి అనువైనది.

ఈ ప్రాంతంలో ఖాళీగా కనిపించే ప్రతి స్థలానికీ ఒక యజమానో, ఒక చట్టమో, ఒక జీవనమో ఉన్నది. ఏకాంతం కోరి వచ్చేవారు ముందుగా అనుమతి అడగాలి, మంట వేయకుండా ఉండాలి, తెచ్చిన ప్లాస్టిక్‌ను తిరిగి తీసుకుపోవాలి.