వ్యాయామంలో తల చెమట

వ్యాయామం చేసేటప్పుడు నుదురు, కణతలు, మాడు, మెడ వెనుక భాగాల నుండి ధారగా కారే స్వేదాన్ని వాడుకలో తల చెమట అంటారు. ఇది శరీరం తన వేడిని తగ్గించుకొనే ప్రక్రియలో ఒక భాగమే గాని, దానంతట అది వ్యాధి కాదు. సముద్రతీర నగరాలలో ఇది మరింత ఇబ్బంది కలిగిస్తుంది. విశాఖపట్నంలోని మద్దిలపాలెం ఇందుకు మంచి ఉదాహరణ. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆనుకొని, సముద్రానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్న ఈ ప్రాంతంలో తెల్లవారుజామున నడిచేవారికి ఎండ రాకముందే తల తడిసి ముద్దవుతుంది. చెమట అతిగా పట్టడం కంటే, పట్టిన చెమట ఆరకపోవడమే ఇక్కడ అసలు కారణం.

వేడి లెక్క

కండరాలు ఖర్చు చేసే శక్తిలో అధిక భాగం వేడిగా మారుతుంది. 70 కిలోల మనిషి గంటసేపు చురుకుగా నడిస్తే సుమారు 300 కిలోకేలరీల శక్తి ఖర్చవుతుంది. ఆ వేడి అంతా బయటకు పోయే దారి లేక ఒంట్లోనే నిలిచిపోతే, గంటలో శరీర ఉష్ణోగ్రత దాదాపు 5 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. అది ప్రాణాంతకం. దీనిని నివారించడానికి మెదడులోని హైపోథలామస్ స్వేదగ్రంథులను ప్రేరేపిస్తుంది. మానవ శరీరంలో ఇవి 20 నుండి 40 లక్షల వరకు ఉంటాయి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని వెంట తీసుకుపోతుంది. కాబట్టి పై ఉదాహరణలోని మనిషికి అర లీటరు చెమట చాలు, అయితే అది చర్మం మీదనే ఆవిరి కావాలి. నేల మీద రాలిపోయిన చుక్క వల్ల చల్లదనం ఏమీ కలగదు.

గాలిలో తేమ ఎక్కువైన కొద్దీ చెమట ఆరడం తగ్గుతుంది. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి చూసే తడి బల్బు ఉష్ణోగ్రత ఈ విషయాన్ని చక్కగా తెలుపుతుంది. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉన్నచోట తడి బల్బు సుమారు 24 డిగ్రీలు చూపుతుంది. 34 డిగ్రీలే ఉండి తేమ 75 శాతం ఉంటే అది 30 డిగ్రీలు చూపుతుంది. అనగా అధిక ఎండలకు పేరుపడ్డ పల్నాటి రెంటచింతల కంటే, థర్మామీటరులో చల్లగా కనిపించే విశాఖలో చెమట ద్వారా చల్లబడడం కష్టం. రెంటచింతలలో చెమట పట్టిన వెంటనే ఆరిపోయి చొక్కా మీద ఉప్పు చారలు మిగులుతాయి. ఎంత నీరు పోయిందో మనిషికి తెలియదు. విశాఖలో అంతా కళ్ళకు కనిపిస్తుంది, కాని ఒళ్ళు చల్లబడదు. రెండింటిలోనూ ప్రమాదం ఉంది, వేర్వేరు రూపాలలో.

వేకువజామున వేడి తక్కువే అయినా, రోజు మొత్తంలో సాపేక్ష ఆర్ద్రత అత్యధికంగా ఉండేది సాధారణంగా ఆ వేళలోనే. ఉదయపు నడకలో కూడా తల కారిపోవడానికి ఇదే కారణం. సముద్రపు గాలి వీచే బీచ్ రోడ్డు మీద అదే మనిషికి, అదే వేగంలో కొంత హాయిగా ఉంటుంది. గాలి కదిలితే చర్మాన్ని అంటుకొని ఉన్న తేమ పొర తొలగిపోతుంది.

తలకే ఎందుకు?

స్వేదగ్రంథులు అత్యంత సాంద్రంగా ఉండేది అరచేతులలో, అరికాళ్ళలో. అయితే అవి ముఖ్యంగా భయానికి, ఆందోళనకు స్పందిస్తాయి. వేడికి స్పందించే భాగాలలో నుదురు ముందువరుసలో ఉంటుంది. ఒక్కొక్క చదరపు సెంటీమీటరు నుండి వచ్చే చెమటను లెక్కిస్తే చాలా అవయవాల కంటే నుదుటిదే ఎక్కువ. పైగా ఒంటి చెమటను దుస్తులు పీల్చుకుంటాయి, తల చెమటకు కనుబొమ్మలు తప్ప అడ్డు లేదు.

జుట్టు పాత్ర విచిత్రమైనది. ఎండలో అది గొడుగు వలె పనిచేసి మాడుకు తగిలే సూర్యతాపాన్ని తగ్గిస్తుందని, ఉంగరాల జుట్టు ఈ పనిని మరింత బాగా చేస్తుందని 2023లో బొమ్మ తలకు విగ్గులు తొడిగి చేసిన పరిశోధనలో తేలింది. నీడలోనూ, జిమ్ లోపలా మాత్రం దట్టమైన తడి జుట్టు గాలిని లోపలికి రానివ్వదు. శరీరధర్మ శాస్త్రవేత్త మిషెల్ కబనాక్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో, జుట్టు ఉన్న మాడు కంటే బట్టతల నుండి ఎక్కువ చెమట వెలువడినట్లు గమనించారు.

అలవాటు పడిన శరీరం

చెమట ఎక్కువగా పట్టడం బలహీనతకు గుర్తు అనే అభిప్రాయం ప్రజలలో ఉంది. వాస్తవం చాలావరకు ఇందుకు విరుద్ధం. వేడిలో రోజూ కొంతసేపు శ్రమిస్తే 10 నుండి 14 రోజులలో శరీరం అలవాటు పడుతుంది. అప్పుడు చెమట ముందుగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. చల్లని అరకు, పాడేరు ప్రాంతాల నుండి చదువుకోసం విశాఖ వచ్చిన విద్యార్థి మొదటి రోజే మైదానంలో స్థానికులతో సమానంగా పరుగెత్తబోవడం అందుకే మంచిది కాదు. మొదటి వారం సగం శ్రమతో సరిపెట్టుకోవాలి.

చెమటతో కొవ్వు కరుగుతుందన్నది మరొక అపోహ. తగ్గేది నీటి బరువు మాత్రమే, రెండు గ్లాసులు తాగగానే తిరిగి వస్తుంది. బరువు తగ్గడానికి ప్లాస్టిక్ లేదా రబ్బరు దుస్తులు తొడిగి వ్యాయామం చేయడం అత్యంత ప్రమాదకరం. 1997లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు పోటీకి ముందు ఇటువంటి పద్ధతులతో బరువు తగ్గించుకుంటూ మరణించారు. ఆ తరువాత అక్కడి కళాశాల క్రీడలలో రబ్బరు దుస్తులను నిషేధించారు.

ఉపశమన మార్గాలు

చెమటను ఆపడం కాక, అది ఆరేలా చూడడం, కళ్ళలో పడకుండా చూడడం లక్ష్యంగా ఉండాలి. చెమట పడితే కళ్ళు మండడానికి ఉప్పే కారణమని అనుకుంటారు గాని, కన్నీటిలో కంటే చెమటలో ఉప్పు తక్కువే. చెమటకు గల ఆమ్లగుణం, అది నుదుటి మీది నుండి కడిగి తెచ్చే పదార్థాలు మంట పుట్టిస్తాయి. తలకు దట్టంగా పట్టించిన కొబ్బరినూనె, కుంకుమ, విభూతి, సన్‌స్క్రీన్ లేపనం వంటివన్నీ చెమటతో పాటు కళ్ళలోకి దిగుతాయి. కాబట్టి నూనె రాసుకొనే అలవాటున్నవారు వ్యాయామం తరువాత, తలస్నానానికి ముందు రాసుకోవడం మేలు. కన్ను మండితే నలపకుండా మంచినీటితో కడగాలి.

నుదుటికి నూలు పట్టీ కట్టుకుంటే చెమట కళ్ళ దాకా రాదు. అది నానిపోయాక పిండి మళ్ళీ కట్టుకోవాలి. కనుబొమ్మల పైన పెట్రోలియం జెల్లీ పలుచగా రాస్తే చెమట పక్కలకు మళ్ళుతుంది, దూరపు పరుగు పందెగాళ్ళు పాటించే చిట్కా ఇది. ఎండలో వలవంటి గుడ్డతో చేసిన టోపీ మంచిది, నీడలో టోపీ అవసరమే లేదు. పొడవు జుట్టు గలవారు మెడ మీద గాలి ఆడేలా జడను పైకి ముడివేసుకోవచ్చు. కారే చెమటను తుడిస్తే నష్టం లేదు, పలుచని తడిని మాత్రం చర్మం మీద వదిలివేయాలి.

తల మీద చన్నీళ్ళు పోసుకుంటే ప్రాణం లేచివచ్చినట్లు ఉంటుంది. అయితే ముఖానికి, తలకు తగిలే చల్లదనం హాయిని ఇచ్చినంతగా శరీరపు లోపలి ఉష్ణోగ్రతను తగ్గించదు. ఆ హాయిని నమ్మి శ్రమ పెంచరాదు.

నీరు, ఉప్పు

ఎంత చెమట పోయిందో తెలుసుకోవడానికి తూకమే తేలిక మార్గం. వ్యాయామానికి ముందు, తరువాత తడి బట్టలు లేకుండా తూచుకుంటే, తగ్గిన ప్రతి కిలో సుమారు ఒక లీటరు నీటికి సమానం. శరీర బరువులో 2 శాతం మించి తగ్గకుండా చూసుకోవాలి. గంటలోపు నడకకు మంచినీరు చాలు. అంతకు మించిన శ్రమకు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, గంజి, తరవాణి వంటివి ఉపయోగపడతాయి. కొబ్బరినీళ్ళలో పొటాషియం సమృద్ధిగా ఉన్నా, చెమటతో ముఖ్యంగా పోయే సోడియం తక్కువ. రక్తపోటు, మూత్రపిండ వ్యాధులు గలవారు ఉప్పు విషయంలో వైద్యుని మాట వినాలి.

దాహంతో నిమిత్తం లేకుండా లీటర్ల కొద్దీ నీరు తాగడం కూడా హానికరమే. రక్తంలో సోడియం పలుచబడి తలనొప్పి, వాంతులు, మూర్ఛ రావచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మంది పరుగు వీరులలో 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉన్నట్లు 2005లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది.

ప్రమాద సూచనలు

బంగాళాఖాత తీరపు ఉక్కపోత ఏమి చేయగలదో 1986 సెప్టెంబరులో మద్రాసు చేపాక్ మైదానంలో లోకం చూసింది. ఆస్ట్రేలియా క్రికెటర్ డీన్ జోన్స్ వాంతులు చేసుకుంటూనే 210 పరుగులు సాధించి, అనంతరం ఆసుపత్రి పాలయ్యాడు. దానిని వీరగాథగా చెప్పుకుంటారు గాని, అనుకరించదగినది కాదు.

తల తిరగడం, వాంతి, కండరాలు పట్టేయడం కనిపించగానే శ్రమ ఆపి నీడకు చేరాలి. మాట తడబడినా, ప్రవర్తన మారినా, స్పృహ తప్పినా వడదెబ్బగా భావించాలి. అప్పుడు శరీరపు లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి ఉండవచ్చు. వడదెబ్బలో చర్మం పొడిబారుతుందని పుస్తకాలలో చదివి, చెమట ఉంది కనుక భయం లేదని అనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు. వ్యాయామం వల్ల వచ్చే వడదెబ్బలో చెమట కారుతూనే ఉండవచ్చు. 108కు ఫోను చేసి, అంబులెన్సు వచ్చేలోగా రోగిని చన్నీటితో తడుపుతూ విసరాలి, వీలైతే చన్నీటి తొట్టిలో మెడ వరకు ఉంచాలి. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు. ఛాతీ నొప్పితో చల్లని చెమట పడితే గుండెపోటుగా అనుమానించాలి. మధుమేహానికి మందులు వాడేవారిలో వణుకుతో చెమట పడితే రక్తంలో చక్కెర పడిపోయి ఉండవచ్చు.

వైద్యం

కూర్చున్నా, ఫ్యాను కింద ఉన్నా తల చెమట కారుతుంటే దానిని అతిస్వేదం అంటారు. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, రుతుక్రమం ఆగిపోయే దశ, కొన్ని మందులు ఇందుకు కారణం కావచ్చు. రాత్రిపూట పడక తడిసేలా చెమట పట్టి, జ్వరం, బరువు తగ్గడం కూడా ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. కారణమేదీ కనిపించనప్పుడు అల్యూమినియం క్లోరైడ్ లేదా గ్లైకోపైరోలేట్ పూతలు, బొట్యులినం సూదులు వాడతారు. నాడిని కత్తిరించే శస్త్రచికిత్స తరువాత తల ఆరినా వీపు, పొట్ట మీద చెమట పెరగడం తరచుగా జరుగుతుంది. చెమటను తగ్గించే మాత్రలు వాడుతున్నవారు ఆ సంగతి తమ శిక్షకునికి తప్పక చెప్పాలి, ఎందుకంటే అవి ఒళ్ళంతటి చెమటను తగ్గించి, ఉక్కపోతలో వ్యాయామం చేసేవారికి వడదెబ్బ ముప్పును పెంచుతాయి.