వంటయింటి బల్లయొద్ద

వంటయింటిలో కళకేమి పని యను సోదరీమణులు క్యారీ మే వీమ్స్ కృషిని చూడవలయును. నల్లజాతికి చెందిన యీ అమెరికా ఛాయాచిత్రకారిణి 1953లో పోర్ట్‌లాండు నగరమున జన్మించెను. 1990లో, తన యింటి బల్లయొద్ద, వ్రేలాడు దీపము క్రింద, తానే నాయికయై 20 ఛాయాచిత్రములు తీసి, వానికి 14 వ్రాతఫలకములు చేర్చెను. ప్రియుని సాంగత్యము, బిడ్డ చదువు, చెలుల యోదార్పు, తుదకు ఒంటరితనము—అన్నియు నా బల్లయొద్దనే. ఆ నాయిక సూటిచూపులో యాచన లేదు. మాకు మిక్కిలి నచ్చిన దదియే.

పిమ్మట, 1850లో బానిసల వస్త్రములు విప్పించి తీయించిన చిత్రములను ఈమె పెద్దవిగా చేసి, ఎఱ్ఱరంగు పట్టించి, పై యద్దములపై మాటలు చెక్కించెను. నాడు మూలచిత్రములు కలిగియుండిన హార్వర్డు విశ్వవిద్యాలయము వ్యాజ్యము వేయుదుమని హెచ్చరించి, తుదకు ఆ కృతులనే కొనెను!

న్యూయార్కులోని గుగెన్‌హైమ్ ప్రదర్శనశాల యొక నల్లజాతి అమెరికా స్త్రీ జీవితకృషిని ప్రదర్శించుట 2014లో ఈమెతోనే మొదలు. అప్పటి కీమెకు 60 ఏండ్లు నిండినవి.