పాత తలుపులకు పాత గడియలే

గోదావరి గట్టు ఊళ్లలో 1950, 60లలో కట్టిన పెంకుటిళ్ల టేకు తలుపులు చాలాచోట్ల ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. ముందు మొరాయించేది వాటి బందులు, గడియలు, గొళ్లాలు. పట్టిసీమ లాంటి ఏటి ఒడ్డు ఊళ్లలో గాలి తేమకు వరద తోడవుతుంది. 1986 నాటి గోదావరి వరదలోలా నీళ్లు ఇంట్లోకి వచ్చిపోతే, ఒండ్రు తాళంలోనూ బందుల సందుల్లోనూ చేరి తుప్పును పెంచుతుంది.

తలుపు గడపకు రాసుకోగానే అడుగున చిత్రిక పట్టించడం తొందరపాటు. వానాకాలపు ఉబ్బు కాకపోతే, తరచూ తప్పు పై బందుదే: మరలు వదులై రెక్క వాలుతుంది. రెక్క కింద చెక్క ముక్క ఎత్తుపెట్టి బందు విప్పాలి. వెడల్పైన రంధ్రంలో జిగురు రాసిన టేకు పుల్ల దిగగొట్టి, ఆరాక సన్నగా తొలిచి, పాత మరనే బిగించవచ్చు. ఆనాటి మరలకు తలపై ఒకటే గాడి. అందులోని రంగు గీకి, నూనె చుక్క వేసి రాత్రంతా వదిలేస్తే తల చెడకుండా ఊడే అవకాశం ఎక్కువ.

ఇత్తడిలా కనిపించేదంతా ఇత్తడి కాదు. అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుమే. తోమితే పైపూత పోతుంది. అసలు ఇత్తడికి చింతపండు చాలు, వెంటనే కడిగి పొడిగా తుడిస్తే సరి.

తాళంలో కొబ్బరినూనె పోయడం మన ఇళ్లలో పాత అలవాటు. అది దుమ్ముతో కలిసి జిడ్డుగా పేరుకుంటుంది. అక్కడ పెన్సిల్ ములికి పొడి నయం.