పవర్ ప్లే శాతం చెప్పని లెక్కలు

పవర్ ప్లే అనగానే మనలో చాలామందికి వన్డే క్రికెట్‌లో మొదటి పది ఓవర్లే గుర్తొస్తాయి. అమెరికా, కెనడాల్లో ఉంటూ పిల్లలతోబాటు ఐస్ హాకీ చూడటం మొదలుపెట్టినవాళ్ళకి ఆ మాటకి ఇంకో అర్థం కూడా తెలుసు. ఒక ఆటగాడు తప్పు చేస్తే రిఫరీ అతన్ని రెండు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోబెడతాడు. గోలీలని పక్కన పెడితే, అప్పుడు అయిదుగురి మీద నలుగురు ఆడాలి. అయిదుగురున్న జట్టుకి అది పవర్ ప్లే, నలుగురున్న జట్టుకి పెనాల్టీ కిల్. ఈ రెంటినీ కలిపి స్పెషల్ టీమ్స్ అంటారు.

వీటిని కొలిచే మామూలు పద్ధతి చాలా తేలిక. వేసిన గోల్స్‌ని వచ్చిన అవకాశాలతో భాగిస్తే పవర్ ప్లే శాతం వస్తుంది. 2022-23 సీజన్లో ఎడ్మంటన్ ఆయిలర్స్ 32.4 శాతంతో ఎన్‌హెచ్‌ఎల్ రికార్డు సృష్టించింది. అంతకుముందు రికార్డు 1977-78లో మాంట్రియల్ కెనడియన్స్‌ది, 31.9 శాతం. టీవీలో చూపించడానికి ఈ అంకె బాగానే ఉంటుంది. కానీ ఇందులో మూడు లోపాలున్నాయి.

మొదటిది, ఈ లెక్కలో అవకాశాలన్నీ సమానమే. పూర్తి రెండు నిమిషాలు దొరికినా ఒకటే. మన జట్టువాడు కూడా తప్పు చేయడంతో ఇరవై సెకన్లకే ముగిసినా ఒకటే. అయిదుగురి మీద ముగ్గురే ఉన్నా ఒకటే. అసలు పవర్ ప్లే ఎంతసేపు సాగుతుందన్నది చిన్న విషయం కాదు. 1955 నవంబరు 5న మాంట్రియల్ ఆటగాడు జాన్ బెలివో బోస్టన్ మీద పవర్ ప్లేలో 44 సెకన్లలో మూడు గోల్స్ కొట్టాడు. అప్పట్లో గోల్ పడినా పెనాల్టీ ముగిసేది కాదు. గోల్ పడగానే చిన్న పెనాల్టీ ముగిసేలా 1956-57 నుంచి నిబంధన మార్చారు. క్రికెట్‌లో డక్‌వర్త్-లూయిస్ పద్ధతి మిగిలిన ఓవర్లనీ, వికెట్లనీ కలిపి వనరులుగా చూస్తుంది కదా! ఇక్కడా సమయాన్నీ మనుషుల సంఖ్యనీ అలాగే చూడాలి.

రెండోది, పవర్ ప్లేలో ఉండి ఎదురు గోల్ తింటే ఈ శాతం ఏమాత్రం తగ్గదు. ఉదాహరణకి రెండు జట్లని ఊహించుకోండి. రెంటికీ 250 అవకాశాలు వచ్చాయి. మొదటి జట్టు 50 గోల్స్ వేసి 10 తింది. రెండోది 48 వేసి 2 తింది. మామూలు లెక్కలో 20 శాతంతో మొదటిదే మేలు, రెండోది 19.2. తిన్న గోల్స్ తీసేస్తే మొదటిది 16 శాతానికి పడిపోతుంది, రెండోది 18.4 దగ్గర ఉంటుంది. అంటే వరస తారుమారైంది!

మూడోది అదృష్టం. నిజంగా 20 శాతం సత్తా ఉన్న జట్టుకి 250 అవకాశాలొస్తే, ప్రామాణిక విచలనం సుమారు 2.5 శాతం. అంటే ఆటలో ఏ మార్పూ లేకుండానే ఒక సీజన్లో 16, ఇంకో సీజన్లో 24 కనిపించవచ్చు. దాన్ని చూసి కోచ్‌ని తీసేయడమో, నెత్తిన పెట్టుకోవడమో తొందరపాటే అవుతుంది.

మరి ఏం చేయాలి? ముందు అవకాశాల బదులు నిమిషాలతో భాగించాలి. అయిదుగురి మీద నలుగురున్న సమయాన్ని విడిగా తీసుకుని, గంటకి ఎన్ని గోల్స్ అని చూడాలి. తర్వాత గోల్స్‌తో ఆగకుండా గంటకి ఎన్ని షాట్లు కొడుతున్నారో చూడాలి. షాట్లు సంఖ్యలో ఎక్కువ కాబట్టి అదృష్టం పాలు తగ్గుతుంది. దూరం, కోణం, రీబౌండ్ వంటివి బట్టి ప్రతి షాట్‌కీ గోలయ్యే సంభావ్యత కట్టి కూడితే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ వస్తాయి. పెనాల్టీ కిల్‌కి ఇది మరీ అవసరం. నలుగురూ ప్రమాదకరమైన షాట్లు పడకుండా ఆపారా, లేక గోలీ ఒక్కడే కాపాడాడా అన్నది దీనివల్లే తేలుతుంది.

చివరగా, తెచ్చుకున్న పెనాల్టీలు, ఇచ్చిన పెనాల్టీలు కూడా లెక్కలోకి రావాలి. 200 అవకాశాల్లో 25 శాతం అంటే 50 గోల్స్. 300 అవకాశాల్లో 20 శాతం అంటే 60. స్కోర్‌బోర్డు మీద పడేది గోల్సే గానీ శాతాలు కాదు. అందుకే స్పెషల్ టీమ్స్‌లో వేసిన మొత్తం గోల్స్ నుంచి తిన్నవి తీసేసి చూడటం మంచిది.

ఇదంతా మన ఉద్యోగాల్లో చూస్తున్నదే. వారంలో మూసిన టికెట్ల శాతంతో సపోర్ట్ టీముని కొలిస్తే పాస్‌వర్డ్ రీసెట్, ప్రొడక్షన్ సర్వర్ పడిపోవడం రెండూ ఒకటే అవుతాయి. మళ్ళీ తెరుచుకున్న టికెట్లు మనం తిన్న ఎదురు గోల్స్. చాలా చోట్ల వాటిని ఎవరూ లెక్కపెట్టరు. ఆ శాతం మీదే ఎవరి అప్రైజలో, ఎవరి కాంట్రాక్టు పొడిగింపో ఆధారపడి ఉంటుంది. ఈసారి మీ ముందుకి ఏదైనా శాతం వస్తే మూడు ప్రశ్నలు అడగండి: కింద ఉన్న అంకెలో అన్నీ సమానమేనా? నష్టాన్ని తీసేశారా? ఈ తేడా అదృష్టం వల్ల వచ్చిందేమో చూశారా?