90 ఏళ్ల తాళానికి కొత్త చెవి

అమెరికాలో పాత స్లాట్ మెషీన్ కొన్నవాళ్లకి మెషీన్ ఇంటికొస్తుంది గానీ తాళంచెవి చాలాసార్లు రాదు. అది ఎప్పుడో పోయుంటుంది. మెషీన్ ఏమో 1930ల నాటి మిల్స్‌దో జెన్నింగ్స్‌దో. ముందు లోహపు పోత, వెనక చెక్క పెట్టె, పక్కన లాగే హ్యాండిల్. లోపల చిప్ లేదు, కోడ్ లేదు. అన్నీ స్ప్రింగులు, పళ్ల చక్రాలే. ఏ చిన్న రిపేరు చెయ్యాలన్నా వెనక తలుపు తియ్యాలి. దానికేమో తాళం!

డ్రిల్ పెడితే నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ లోహపు రజను వెళ్లి మెకానిజంలో పడుతుంది. అసలు తాళం ఉన్న మెషీన్‌కి కలెక్టర్లు ఇచ్చే విలువా పోతుంది. అందుకే తెలిసినవాళ్లు డ్రిల్‌ని ఆఖరికి ఉంచుకుంటారు.

ఇంతా చేసి ఆ తాళం ఎవర్ని ఆపడానికి పెట్టారు? దొంగల్ని ఒక్కళ్లనే కాదు. మెషీన్ ఉండేది బార్‌లోనో సిగరెట్ల కొట్లోనో, దాని ఓనర్ ఉండేది ఇంకెక్కడో. కొట్టు యజమానికి వాటా ఉంటుంది గానీ తాళంచెవి ఉండదు. కొన్ని మెషీన్లలో డబ్బుల పెట్టెకి వేరే తాళం. రిపేరు చేసేవాడు చక్రాలు ముట్టుకోవచ్చు, నాణేలు ముట్టుకోకూడదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లం యాక్సెస్ కంట్రోల్ అని పెద్ద పేరు పెట్టుకున్నది ఇదే.

అసలు ఇలాంటి మెషీన్లు మిగలడమే గొప్ప. 1890ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే మూడు చక్రాల మెషీన్ చేశాక ఇవి ఊరూరా పాకాయి. 1934లో న్యూయార్క్ మేయర్ లాగార్డియా స్వయంగా సుత్తి పట్టి పగలగొట్టి, నీళ్లలో వేయించాడు. ఆయనకి తాళంచెవితో పనిలేదు మరి! 1951లో జాన్సన్ చట్టం వచ్చి రాష్ట్రాల మధ్య రవాణాని కట్టడి చేసింది. ఇప్పుడు కాలిఫోర్నియాలో 25 ఏళ్లు దాటిన మెషీన్‌ని జూదానికి వాడకుండా దాచుకోవచ్చు. కొన్ని రాష్ట్రాల్లో అదీ కుదరదు. కాబట్టి తాళం సంగతి కంటే ముందు చట్టం చూసుకోవాలి.

సరే, చెవి లేకుండా తియ్యడం ఎలా? ముందు తాళం మొహం మీద నంబర్ ఉందేమో చూస్తారు. ఉంటే, దాన్నిబట్టి చెవి కోసిచ్చేవాళ్లు దొరకొచ్చు. లేకపోతే మన ఊళ్లో ఫుట్‌పాత్ మీద తాళంచెవులు చేసేవాళ్లని గుర్తు తెచ్చుకోండి. అదే పద్ధతి. గాడి కొయ్యని ఖాళీ చెవిని తాళంలో పెట్టి, బిగించి తిప్పుతూ కాస్త కదుపుతారు. లోపల ఇరుక్కున్న పిన్నులో రేకులో దాని అంచు మీద సన్నటి గుర్తు వేస్తాయి. బయటికి తీసి, వెలుతుర్లో ఆ గుర్తు పట్టుకుని, అక్కడ ఆకురాయితో ఒక్క గీత అరగదీస్తారు. మళ్లీ పెడతారు, మళ్లీ చూస్తారు. ఒకచోట గుర్తు పడటం ఆగిందంటే అక్కడ లోతు సరిపోయినట్టు. ఇక గియ్యకూడదు. అన్నిచోట్లా కుదిరాక తాళం తిరుగుతుంది. ఇది డీబగ్గింగే. కాకపోతే అన్‌డూ బటన్ లేదు. ఒక గీత ఎక్కువైతే కొత్త చెవితో మళ్లీ మొదటికే.

కొన్నిటికి గుండ్రటి గొట్టం లాంటి చెవి పట్టే తాళాలుంటాయి. వీటికి పై పద్ధతి పనిచెయ్యదు, వేరే పనిముట్టు కావాలి. ఈ రకం మీద నమ్మకం 2004లో కాస్త సడలింది లెండి. అమెరికాలో పేరున్న సైకిల్ తాళాన్ని బాల్‌పెన్ గొట్టంతో తీసేసి చూపించారు!

తలుపు తెరుచుకున్నాక తాళాన్ని ఊడదీస్తారు. లోపల దశాబ్దాల నాటి నూనె జిగురులా గట్టిపడి ఉంటుంది. దాన్ని కరిగించి, స్ప్రింగులు, రేకులు ఒక్కోటీ బయటికి తీసి వరసలో పేరుస్తారు. ముందే ఫొన్‌తో ఫొటో తీసుకుంటే మేలు. వరస తప్పితే అంత కష్టపడి చేసిన చెవి ఆ తాళానికే పట్టదు. విరిగిన స్ప్రింగు మార్చి, నూనెకి బదులు గ్రాఫైట్ పొడి కొద్దిగా వేస్తారు. నూనె దుమ్ముని పట్టుకుంటుంది, పొడి పట్టుకోదు.

బిగించాక వెంటనే తలుపు వెయ్యరు. తెరిచి ఉంచే చెవిని పదిసార్లు తిప్పి చూస్తారు. దాన్నిబట్టి ఇంకో చెవి కోయించి, అప్పుడే మూస్తారు.