కెమెరాకి చత్వారపు కళ్లజోడు: మాక్రో లెన్సా, క్లోజప్ అద్దమా?

పోయిన ఎపిసోడ్‌లో కరివేపాకు చెట్టు మీది గొంగళిపురుగుల ఫోటోల గురించి మాట్లాడుకున్నాం కదా. అది విని పెనాంగ్ నుంచి ఒక శ్రోత అడిగారు: "నా దగ్గర మామూలు క్రాప్ సెన్సర్ కెమెరా, 55-250 జూమ్ ఉన్నాయి. మాక్రో లెన్స్ కోసం డబ్బు కూడబెడుతున్నా. అందాకా ఆగాలా, లేక లెన్స్ ముందు తగిలించే క్లోజప్ అద్దం కొనుక్కోనా?"

లెక్కలు మైకులో చెబితే చెవికి ఎక్కవు, అందుకే రాసి పెడుతున్నా. నా జవాబు మాత్రం ముందే చెప్పేస్తా: ఆగొద్దు. మీరు ఆగినా పురుగు ఆగదు. ఇక్కడ మలేషియాలో కుండీలో కరివేపాకు పెంచితే చాలు, కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుక వెతుక్కుంటూ వచ్చి గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి ప్యూపా దాకా అంతా కలిపి సుమారు మూడు వారాలు. మాక్రో లెన్స్‌కి డబ్బు చేరేలోపు ఎన్ని తరాలు ఎగిరిపోతాయో మీరే లెక్కేసుకోండి.

సరే, అసలు విషయం. మాక్రో అంటే ఫోటోగ్రాఫర్లు చెప్పే 1:1 ఏమిటంటే, పురుగు నిజంగా ఎంత పొడవుందో సెన్సర్ మీద కూడా అంతే పొడవు పడటం. మీ సెన్సర్ వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లు. అంటే 1:1లో 22 మిల్లీమీటర్ల పురుగు ఫ్రేమ్ నిండా వస్తుంది. ఒక మిల్లీమీటరు గుడ్డు మాత్రం అప్పటికీ చిన్న చుక్కే.

ఇక క్లోజప్ అద్దం. ఇది చత్వారం వచ్చినవాళ్ల కళ్లజోడు లాంటిదే. పవర్ కూడా అదే లెక్కలో, డయాప్టర్లలో చెబుతారు. 1000ని ఆ పవర్‌తో భాగిస్తే అద్దం ఫోకల్ లెంగ్త్ మిల్లీమీటర్లలో వస్తుంది. రేనాక్స్ డీసీఆర్-250 పవర్ +8, అంటే 125 మిల్లీమీటర్లు. మీ లెన్స్‌ని ఇన్ఫినిటీ దగ్గర ఫోకస్‌లో ఉంచితే, లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని ఈ 125తో భాగించండి. జూమ్ 125 దగ్గర ఉంటే 1:1. పూర్తిగా 250కి లాగితే 2:1, చాలా మాక్రో లెన్సులు సొంతంగా అంత దూరం వెళ్లవు! అదే అద్దాన్ని 50 లెన్స్‌కి పెడితే 0.4 దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఈ అద్దం మంచిదా కాదా అని విడిగా అడిగితే జవాబుండదు, మీ దగ్గర ఏ లెన్స్ ఉందో చెప్పాలి. పొడవు జూమ్ ఉన్నవాళ్లకి ఇది వరం.

ఎక్స్‌టెన్షన్ ట్యూబుల సంగతి సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. 25 మిల్లీమీటర్ల ట్యూబ్ 50 లెన్స్‌కి 0.5 ఇస్తే, 250కి 0.1 మాత్రమే ఇస్తుంది. మీకు దండగ.

అయితే ఏ అద్దం పడితే అది కొనకండి. +1, +2, +4, +10 అని నాలుగు కలిపి చవగ్గా అమ్మే సెట్లలో ఒక్కోటీ ఒంటి గాజు ముక్క. అంచులు అలికేసినట్టు వస్తాయి, రెక్క చుట్టూ ఊదారంగు గీత కనిపిస్తుంది. ఒకటికి మించి గాజులు కలిపి ఆ రంగు తేడాని సరిచేసిన వాటిని అక్రోమాట్ అంటారు, అవే తీసుకోండి. రేనాక్స్ అలాంటిదే. కెనాన్ 500డీ కూడా అలాంటిదే, +2 పవర్. ఇదే పేరుతో కెనాన్‌కి ఒక కెమెరా కూడా ఉంది, సెకండ్ హ్యాండ్‌లో వెతికేటప్పుడు చూసుకోండి మరి. ఈ 500డీతో అర మీటరు దూరం నుంచి 0.5 వస్తుంది. ఎగిరిపోయే సీతాకోకచిలుకలకి అదే హాయి.

మరి మాక్రో లెన్స్ ఎందుకు? చత్వారపు జోడు పెట్టుకుని వీధి చివరి బోర్డు చదవలేం కదా, అదే చిక్కు ఇక్కడా. డీసీఆర్-250 తగిలించాక పురుగు అద్దానికి సుమారు 12 సెంటీమీటర్ల దూరంలోనే ఉండాలి. రెండడుగులు అవతల వాలితే అంతా మసకే, అద్దం పీకాలి. మాక్రో లెన్స్ అయితే చెట్టు మొత్తం నుంచి పురుగు కాలి దాకా ఒకే లెన్స్‌తో తీస్తుంది. అంచుల దాకా పదును కూడా దానిదే, కాబట్టి అమ్మమ్మ కాసులపేరో, పాత స్టాంపులో తీయాలంటే నేనైతే మాక్రో లెన్సే కొంటాను. పురుగుల ఫోటోల్లో మూలలు ఎలాగూ మసకే, ఆ పదును ఎవరికి కావాలి?

వెలుతురు విషయంలో మాత్రం అద్దానిదే పైచేయి, అది వెలుతురు తినదు. మాక్రో లెన్స్ 1:1కి వెళ్లేసరికి దాదాపు రెండు స్టాపులు పోతాయి.

ఏది కొన్నా తప్పనిది ఒకటుంది. 1:1లో ఎఫ్/8 పెట్టినా ఫోకస్‌లో ఉండే మందం మిల్లీమీటరు కూడా ఉండదు. అక్కడ ఆటోఫోకస్‌ని నమ్మొద్దు. మాన్యువల్‌లో పెట్టి, శరీరంతో పాటు కెమెరాని మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపుతూ కన్ను పదునెక్కగానే నొక్కండి. కొమ్మ ఊగుతుంటే బట్టల క్లిప్పుతో ఒక పుల్లకి కట్టేయండి. పురుగుని మాత్రం ముట్టుకోకండి, తల వెనక నుంచి ఎర్రటి కొమ్ము బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది.

మొదట పిట్టరెట్టలా ఉండే పురుగు ఆఖరి దశలో ఆకుపచ్చకి మారుతుంది. ఆ రోజుకి అద్దం మీ చేతిలో ఉండేలా చూసుకోండి. చారులోకి రెండు రెబ్బలు తక్కువయ్యాయని ఇంట్లో గొడవైతే దానికి నా దగ్గర లెన్స్ లేదు. ఫ్లాష్, డిఫ్యూజర్ సంగతి వచ్చే ఎపిసోడ్‌లో.