మీకు తెలుసా? పాలు విజాతీయ మిశ్రమమే!

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా టీ కొట్లలో కాగే పాలు చూడ్డానికి అంతా ఒకటే తెలుపు. కానీ సైన్సు లెక్కలో అవి విజాతీయ మిశ్రమం, అంటే అంతటా ఒకేలా లేనిది (అంతటా ఒకేలా ఉంటే సజాతీయం). పాలలోని నీటిలో కొవ్వు బొట్లు విడివిడిగా తేలుతుంటాయి. ఒక్కోటి సగటున 3, 4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పచ్చిపాలను కదపకుండా ఉంచితే ఆ కొవ్వే పైకి చేరుతుంది. 1899లో ఫ్రాన్స్‌కు చెందిన ఆగస్ట్ గోలాన్ పేటెంట్ పొందిన యంత్రం పాలను సన్నని సందుల్లోంచి గట్టి ఒత్తిడితో పంపి, ఈ బొట్లను చాలా చిన్నవిగా చేస్తుంది. దాంతో అవి పైకి తేలవు. అయినా పాలు విజాతీయమే! ప్యాకెట్ మీద ‘హోమోజినైజ్డ్’ (సజాతీయం చేసిన) అని ఉన్నా సరే.

మజ్జిగ, చెరకు రసం కూడా ఇదే కోవ. బాగా కరిగిన ఉప్పు నీళ్లు, పంచదార నీళ్లు సజాతీయం. సోడా సంగతి మరీ ముచ్చట: సీసాలోని ద్రవం మూత తీయకముందు సజాతీయం, తీయగానే బుడగలతో విజాతీయం.

తొమ్మిదో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఇది తప్పక చేయించండి: చీకటి గదిలో రెండు గాజు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో ఉప్పు నీళ్లు, ఇంకోదాంట్లో రెండు చుక్కల పాలు కలిపిన నీళ్లు పోయండి. అట్టముక్కకు చిన్న రంధ్రం చేసి, అందులోంచి ఫోన్ టార్చి వేయండి. వెలుగు దారి కనిపించేది పాల గ్లాసులోనే. పాలలోని సన్నని కణాలు వెలుగును ఇలా చెదరగొట్టడమే టిండాల్ ప్రభావం.